భువనేశ్వర్, కటక్‌లో తక్కువ ఖర్చుతో కడుపు నిండా తినడం ఎలా? బరంపురం వైపు వాళ్లకి ఒక సమగ్ర మార్గదర్శి

జూన్ వచ్చిందంటే మా ఇంటికి ఫోన్లు మొదలవుతాయి. బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ వైపు నుంచి పిల్లల్ని భువనేశ్వర్‌లో కోచింగ్‌కి పంపేవాళ్లు, పెద్దవాళ్లని కటక్ పెద్దాసుపత్రికి తీసుకెళ్లేవాళ్లు, అందరూ అడిగేది దాదాపు ఒకటే. “తిండికి రోజుకి ఎంత పెట్టుకోవాలి? మన నోటికి పట్టేది దొరుకుతుందా?” ఫోన్‌లో ముక్కలు ముక్కలుగా చెప్పి చెప్పి అలిసిపోయాను. అందుకే అంతా ఒక్కచోట, పొద్దున్నుంచి రాత్రి దాకా చేసే క్రమంలోనే రాస్తున్నాను.

ఇక్కడ రాసిన హోటల్ ధరలు నా జేబులోంచి పోయినవి. పేటకో ధర ఉంటుంది, ఏడాదికోసారి మారుతుంది. అంకెల కంటే లెక్క వేసే పద్ధతి పట్టుకోండి.

1. బయలుదేరే ముందు రోజు సర్దుకోవాల్సినవి

బయట తినేటప్పుడు ఖర్చు తగ్గించేది ముందుగా మన సంచే. ఒడిశా మీల్ హోటళ్లలో అన్నం, పప్పు ధారాళంగా పెడతారు, కారం పులుపు మాత్రం మన లెక్కలో తక్కువ. నాలుక్కి పట్టక సగం అన్నం వదిలేసి, సాయంత్రం మళ్లీ వంద రూపాయలు తగలేసేవాళ్లని చాలామందిని చూశాను. ఒక చెంచా ఆవకాయ ఉంటే ఆ బాధ ఉండదు. బరంపురం వాళ్లకి ఊరగాయలు, అప్పడాల గురించి నేను చెప్పేదేముంది, వాటికి ఆ ఊరు పెట్టింది పేరు.

సంచిలో ఉండాల్సినవి:

- మర మూత ఉన్న చిన్న సీసాలో ఊరగాయ, పైన ప్లాస్టిక్ కవరు చుట్టి, రబ్బరు బ్యాండు వేసి
- కందిపొడి గానీ కరివేపాకు పొడి గానీ, 100 గ్రాములు
- లీటరు నీళ్ల సీసా, స్టీలుది అయితే మేలు
- మూత గట్టిగా పట్టే డబ్బా ఒకటి, చెంచా ఒకటి
- అరకిలో అటుకులు, కొంచెం బెల్లం
- 10, 20 రూపాయల నోట్లు, 5 రూపాయల బిళ్లలు కొన్ని

చిల్లర ఎందుకంటే, ఇప్పుడు తోపుడు బండి మీద కూడా స్కానర్ ఉంటుంది గానీ, సరిగ్గా ఆకలేసినప్పుడే నెట్‌వర్క్ పోతుంది. అప్పుడు 500 నోటు తీస్తే బండివాడు మీ వంక చూసే చూపుకి ఆకలి చచ్చిపోతుంది.

పెరుగన్నం, పులిహోర కట్టుకునేవాళ్లు మొదటి రోజు మధ్యాహ్నానికి మాత్రమే కట్టుకోండి. బరంపురం నుంచి భువనేశ్వర్ రైల్లో రెండున్నర మూడు గంటలు. ఆ పూట గడిస్తే చాలు, ఎండాకాలం రాత్రి దాకా దాచకండి.

2. రోజు లెక్క ముందే వేసుకోండి

మా మేనల్లుడు కోచింగ్‌కి వెళ్లిన మొదటి నెల, తిండికని 5,000 తీసుకెళ్లాడు. పన్నెండో రోజున ఫోన్. “మావయ్యా, 3,400 అయిపోయాయి. రోజూ మామూలు హోటల్లోనే తింటున్నాను. ఎలా పోయాయో తెలీట్లేదు.” సరే, పేమెంట్లన్నీ వెనక్కి చూస్తూ కాగితం మీద రాయమన్నాను. వచ్చింది ఇదీ:

- టిఫిన్లు, 12 రోజులు, రోజుకి 35 చొప్పున: 420
- మధ్యాహ్నం మీల్స్, 12 రోజులు, 70 చొప్పున: 840
- రాత్రి యాప్‌లో ఆర్డర్లు, 9 సార్లు, 150 చొప్పున: 1,350
- టీలు, సమోసాలు, కూల్‌డ్రింకులు, నీళ్ల సీసాలు: 790

కడుపు నింపినవి 1,260 రూపాయలు. మిగతా 2,140 రాత్రి బద్ధకానికీ, మధ్యలో నోరు ఆడించడానికీ పోయాయి. ఎవరి లెక్క చూసినా ఇంచుమించు ఇలాగే ఉంటుంది. అన్నం దగ్గర పది రూపాయలు మిగల్చాలని చవక హోటల్ కోసం కిలోమీటరు నడుస్తారు, తిరిగొచ్చేటప్పుడు దాహమేసి 20 పెట్టి నీళ్లు కొంటారు.

కాబట్టి నా సలహా తిరగేసి ఉంటుంది. మధ్యాహ్నం భోజనం దగ్గర పిసినారితనం చేయకండి. నగరంలో రూపాయికి ఎక్కువ తిండి దొరికేది ఆ పూటే. సాయంత్రం, రాత్రి దగ్గర చెయ్యి బిగించండి.

ఒక మనిషికి ఒక రోజు మాదిరి లెక్క:

- పొద్దున్న టిఫిన్: 35
- మధ్యాహ్నం మీల్: 70
- సాయంత్రం: 20
- రాత్రి: 60
- రెండు టీలు: 20
- మొత్తం: 205

మధ్యాహ్నం ఆహార్ కేంద్రంలో తింటే 70 బదులు 5 అవుతుంది, రోజు మొత్తం 140కి దిగుతుంది. దాని సంగతి 5లో చెబుతాను.

పొద్దున్నే ఆ రోజు డబ్బు విడిగా చొక్కా జేబులో పెట్టుకోండి. ఫోన్‌తో కట్టేవాళ్లయితే తిండికి వేరే ఖాతా వాడండి, వారానికోసారి అందులో డబ్బు వేయండి. ఖాళీ అయితే కంటికి కనబడుతుంది.

3. దిగిన వెంటనే ఏమీ కొనకండి

భువనేశ్వర్‌లో రైలు దిగితే మాస్టర్ క్యాంటీన్ చౌక్, బస్సు దిగితే బరముండా. రెండు చోట్లా ఎదురుగా కనబడేవి దారిన పోయేవాళ్ల కోసం పెట్టిన హోటళ్లు. మళ్లీ రాని గిరాకీ అని వాళ్లకి తెలుసు.

ఆకలి ఆపుకోలేకపోతే స్టేషన్ లోపలే చూసుకోండి. జనరల్ బోగీలు ఆగే చోట రైల్వే వాళ్ల కౌంటరు ఉంటే అక్కడ 20 రూపాయలకి పూరీలు, ఆలూకూర పొట్లం ఇస్తారు. గొప్ప రుచి అని చెప్పను, కడుపు ఊరుకుంటుంది. నీళ్లు కొనక తప్పకపోతే రైల్ నీర్ అడగండి. 2025 సెప్టెంబరు నుంచి లీటరు 14 రూపాయలు. 20 ఇచ్చి చిల్లర వదిలేయకండి.

గదికి చేరి, సామాను పెట్టి, కాళ్లు కడుక్కుని, అప్పుడు ఆ పేటలో ఓ పావుగంట నడవండి. ఆటోవాళ్లు, హాస్టల్ పిల్లలు, ఆఫీసు గుమాస్తాలు ఎక్కడ తింటున్నారో చూడండి. భువనేశ్వర్‌లో వాణీ విహార్, ఆచార్య విహార్ చుట్టుపక్కల విద్యార్థుల గిరాకీ, యూనిట్-1 హాట్ దగ్గర కూరల మార్కెట్‌కి వచ్చేవాళ్ల గిరాకీ. ఇలాంటి చోట రోజూ వచ్చే మనిషికి ధర పెంచితే మర్నాడు రాడు, అందుకని ధర అదుపులో ఉంటుంది.

4. పొద్దున్న టిఫిన్

గంజాం జిల్లాలో ఇడ్లీ అంటే చట్నీ, సాంబారు. మహానది వైపు వెళ్లేకొద్దీ ఇడ్లీ పక్కకి ఘుగుని వచ్చి చేరుతుంది. ఘుగుని అంటే ఎండు బఠాణీల కూర. మొదటిసారి చూసి “ఇదేంటి, ఇడ్లీకి బఠాణీలా” అని ముఖం చిట్లించకండి. ఇడ్లీ, చట్నీ తిన్నవాడికి పదకొండింటికి మళ్లీ ఆకలేస్తుంది, ఘుగుని తిన్నవాడు ఒంటిగంట దాకా ఆగుతాడు. ఖర్చు లెక్కలో అది పెద్ద తేడా.

చవగ్గా దొరికేవి: బరా-ఘుగుని (బరా అంటే మన గారె), ఉప్మా-ఘుగుని, పూరీ-ఆలూదమ్, చకులి (మెత్తటి అట్టు). దోసె ఆర్డర్ చేస్తే వీటికంటే ఎక్కువ పడుతుంది. మసాలా దోసె మీద మోజు ఉంటే బరంపురం వచ్చాక తీర్చుకోండి.

బండి ఎంచుకునేటప్పుడు నేను చూసేది నూనె. రోడ్డు పక్కన ఒక మౌసీ బండి దగ్గర నిలబడి పది నిమిషాలు చూశాను ఒకసారి. పిండి ముద్ద అరచేతిలో తట్టి, వేలితో చిల్లు పెట్టి మూకుట్లోకి జారవిడుస్తోంది. నూనె అడుగు కనబడుతోంది, పైన నురుగు లేదు. సాలాకు దొప్పలో రెండు బరాలు తుంచి వేసి, పైన గరిటెడు ఘుగుని పోసి, ఉల్లిపాయ ముక్కలు చల్లి చేతికిచ్చింది. ఇంకో గరిటె అడిగితే నవ్వుతూ పోసింది. నూనె నల్లగా, జిగురుగా ఉండి పొగ వస్తుంటే మాత్రం పక్క బండికి వెళ్లండి. అక్కడ మిగిలిన ఐదు రూపాయలు మందుల షాపుకి ఇవ్వాల్సి వస్తుంది.

కటక్‌లో అయితే దహిబరా-ఆలూదమ్. సైకిళ్ల మీద పెద్ద పెద్ద హండీలు కట్టుకుని తిరుగుతూ అమ్ముతారు. పల్చటి మజ్జిగలో నానిన గారెలు, పైన కారంగా ఆలూదమ్, ఘుగుని. పొద్దున్నపూట తినండి. ఎండలో తిరిగిన పెరుగు సాయంత్రానికి పులుస్తుంది.

5. మధ్యాహ్నం భోజనం

ఇక్కడ కాస్త నెమ్మదిగా చదవండి.

5.1 హోటల్లో ఏం పెడతారు

అక్కడ మీల్ అంటే భాత (అన్నం), డాలి (పప్పు) లేదా డాల్మా, ఒక కూర, ఒక భజా (వేపుడు), సాగ (ఆకుకూర), ఖటా. డాల్మా అంటే కూరగాయ ముక్కలు వేసి వండిన పప్పు, పైన వేయించిన జీలకర్ర-ఎండుమిరప పొడి వేస్తారు. మన ముక్కల పప్పుకి దగ్గరి చుట్టం అనుకోండి. ఖటా తియ్యగా పుల్లగా ఉండే పచ్చడి, చాలాసార్లు టమాటాతో చేస్తారు. బెసర అంటే ఆవపిండి పెట్టిన కూర. మన ఆవపెట్టిన కూర తినేవాళ్లకి కొత్తేమీ కాదు.

చవక హోటళ్లలో ఎక్కువగా ఉసునా, అంటే ఉప్పుడు బియ్యం అన్నం. గింజ లావుగా ఉంటుంది. అలవాటు లేనివాళ్లకి మొదటి రెండు రోజులు బరువుగా అనిపిస్తుంది. మామూలు పచ్చి బియ్యం అన్నం కావాలంటే “అరువా” అని అడగాలి.

5.2 కూర్చోకముందే అడగాల్సినవి

కంచం ముందు కూర్చున్నాక లేవడానికి మొహమాటం. అందుకే గుమ్మంలోనే, గల్లాపెట్టె దగ్గర, నవ్వుతూ అడిగేయండి. మన వైపు కుర్రాళ్లకి ఒడియా నీళ్లు తాగినంత సులువు. పెద్దవాళ్లకి ఇబ్బంది ఉంటే ఈ ముక్కలు కాగితం మీద రాసివ్వండి:

- “భాయినా, మీల్ కేతే?” (మీల్ ఎంత?)
- “ఆఉ భాత నేలే అలగా పైసా కి?” (మళ్లీ అన్నం పెట్టించుకుంటే వేరే డబ్బులా?)
- “అరువా అఛి కి?” (పచ్చి బియ్యం అన్నం ఉందా?)
- “టికే డాలి దిఅంతు” (కొంచెం పప్పు వేయండి)
- “రాగ కమ్” (కారం తక్కువ)

రెండో ప్రశ్న అన్నిటికంటే ముఖ్యం. కొన్నిచోట్ల అన్నం, పప్పు ఎంతైనా పెడతారు, కూర ఒక్కసారే. కొన్నిచోట్ల రెండోసారి అన్నానికి పది పదిహేను. 60 రూపాయల మీల్‌కి రెండుసార్లు అన్నం అడిగితే, 80 రూపాయల ఫుల్ మీల్ అంతా, ఒక్కోసారి అంతకంటే ఎక్కువా అవుతుంది.

5.3 అడగకుండా పెట్టినవి

ఇది నా సొంత అనుభవం. నాన్నగారితో వెళ్లినప్పుడు ఒక బస్టాండు దగ్గరి హోటల్లో కూర్చున్నాం. కుర్రాడు వరసగా కంచాలు పెట్టి, వాటి పక్కన వేయించిన చేప ముక్క, చిన్న గిన్నెలో పెరుగు, అప్పడం పెట్టి వెళ్లిపోయాడు. బోర్డు మీద మీల్ 70 అని ఉంది. “బాగానే పెడుతున్నారే” అనుకుంటూ ఇద్దరం తినేశాం. బిల్లు 360. చేప 80, పెరుగు 20, అప్పడం 10 విడివిడిగా, తలా 180. అడిగితే “తిన్నారు కదా” అన్నాడు. అతను అన్నది నిజమే, తిన్నాం. నాన్నగారు బయటికొచ్చాక రెండు వీధులు దాటే దాకా మాట్లాడలేదు.

అప్పటినుంచి కంచం పక్కన ఏది పెట్టినా ముట్టుకునే ముందు చూపించి అడుగుతాను: “ఏటా మీల్‌రే అఛి?” ఇది మీల్‌లోదేనా అని. కాదంటే వెనక్కి ఇచ్చేస్తాను. మొహమాటం ఒక్క క్షణమే.

5.4 ఐదు రూపాయల భోజనం

2015 ఏప్రిల్ 1న, ఉత్కళ దివస్ (ఒడిశా అవతరణ దినం) రోజున ఒడిశా ప్రభుత్వం మొదలుపెట్టిన ఆహార్ కేంద్రాల్లో 5 రూపాయలకి అన్నం, డాల్మా పెడతారు. భువనేశ్వర్ క్యాపిటల్ ఆసుపత్రి, కటక్ ఎస్‌సీబీ, మన బరంపురం ఎంకేసీజీ లాంటి పెద్దాసుపత్రుల దగ్గర ఈ కేంద్రాలున్నాయి. ఊళ్లో ఇంకా చాలాచోట్ల ఉంటాయి, “ఆహార్ కేంద్ర కేఉంఠి?” అని ఏ ఆటోవాడిని అడిగినా చూపిస్తాడు.

ఎలా తినాలి:

- మధ్యాహ్నం పెట్టే భోజనం ఇది. పదకొండు దాటాక త్వరగా వెళ్లండి. వండింది అయిపోతే అయిపోయినట్టే.
- ముందు టోకెన్, తర్వాత వరస. 5 రూపాయల బిళ్ల చేతిలో పెట్టుకోండి.
- నిలబడి తినాల్సి రావచ్చు. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లని అంతసేపు వరసలో నిలబెట్టకండి.
- మీ సంచిలోని ఊరగాయ ఇక్కడ బయటికి తీయండి. డాల్మా, అన్నం, ఆవకాయ. ఇంకేం కావాలి?

“అది పేదవాళ్లకి కదా, మనం తినొచ్చా” అని అడిగినవాళ్లు ఉన్నారు. వరసలో ఎవర్నీ కార్డు అడగరు. ఆసుపత్రిలో మనిషి మంచం మీద ఉండి, పది రోజులు బయట తినాల్సి వచ్చినప్పుడు ఎవరి దగ్గరా ఎక్కువ డబ్బుండదు. జేబు నిండుగా ఉన్న రోజు మాత్రం హోటల్‌కి వెళ్లండి, ఆ ప్లేటు ఇంకొకరికి మిగులుతుంది.

5.5 అనంత వాసుదేవ గుడిలో అబఢా

భువనేశ్వర్ పాతబస్తీలో, బిందుసాగరం ఒడ్డున అనంత వాసుదేవ ఆలయం ఉంది. మధ్యాహ్నం అక్కడ కుండల్లో వండిన ప్రసాదం అమ్ముతారు. దాన్ని అబఢా అంటారు. ఉల్లి, వెల్లుల్లి ఉండవు. అన్నం, పప్పు, డాల్మా, బెసర, ఖటా అరిటాకులో వడ్డిస్తారు, కింద కూర్చుని తినాలి.

ఇది ఆహార్ అంత చవక కాదు. పదార్థాల వారీగా కొనే పద్ధతి కాబట్టి, తెలియకుండా అన్నీ అడిగితే హోటల్‌ని మించిపోతుంది. ఒక్కరే వెళ్లకండి. ముగ్గురు నలుగురు కలిసి వెళ్లి, అన్నం తలా ఒకటి, డాల్మా, ఖటా, ఇంకొక్క కూర తెచ్చి పంచుకోండి. మొత్తం ఎంతో ముందే చెప్పించుకోండి. రుచి విషయంలో నేను నిష్పక్షపాతంగా మాట్లాడలేను. ఆ డాల్మా కోసమే మధ్యాహ్నం రైలు వదులుకుని సాయంత్రం రైలెక్కిన మనిషిని.

6. సాయంత్రం ఐదు నుంచి ఏడు

జేబుకి చిల్లుపడే సమయం ఇదే. గుప్‌చుప్ బండి పిలుస్తుంది (పానీపూరీని అక్కడ గుప్‌చుప్ అంటారు), చౌమీన్ (నూడుల్స్) బండి ఘుమఘుమలాడుతుంది, చాప్‌లు (కూర కూరి వేయించే బజ్జీల్లాంటివి) వేగుతుంటాయి.

తినొద్దని చెప్పను. ఏదో ఒకటే తినండి. 20 రూపాయల గుప్‌చుప్ తింటే ఆ రోజుకి సాయంత్రం ఖాతా మూసేయండి. నిజంగా ఆకలేస్తే ముఢి (మరమరాలు), వేరుశెనగ, పచ్చిమిర్చి కలిపిన పొట్లం, లేదా రెండు అరటిపళ్లు. చౌమీన్ తిని మళ్లీ రాత్రి భోజనం చేసేవాళ్లు ఒక పూట భోజనానికి రెండు పూటల డబ్బు పెడుతున్నట్టు లెక్క. చౌమీన్ తింటే అదే రాత్రి భోజనం అనుకోండి.

7. రాత్రి

రాత్రి మీల్ హోటళ్లు త్వరగా మూసేస్తారు, ఉన్నా మధ్యాహ్నం పప్పే వేడి చేసి పెడతారు. రొట్టె దొరికే చోటికి వెళ్లండి. మూడు నాలుగు రొట్టెలు, ఒక తడకా (పోపు పెట్టిన పప్పు కూర). ఇద్దరు వెళ్తే ఒక ప్లేటు తడకా ఇద్దరికీ సరిపోతుంది. హాఫ్ ప్లేటు ఉందా అని అడగడం మర్చిపోకండి, బోర్డు మీద రాయకపోయినా చాలాచోట్ల ఇస్తారు.

వారానికి రెండు మూడు రాత్రులు గదిలోనే అటుకులు, పెరుగు, అరటిపండు, బెల్లం. ఒడియావాళ్లు చుడా-దహి అంటారు. స్టవ్ అక్కర్లేదు, గిన్నె కడిగితే చాలు, ఖర్చు 30 దాటదు. మా మేనల్లుడు రెండో నెల ఇదే పద్ధతిలో గట్టెక్కాడు.

యాప్‌లో ఆర్డర్ పెట్టాలనిపిస్తే ఒక్క పని చేయండి. చివరి మొత్తం చూసి, అదే హోటల్‌కి నడిచి వెళ్లి ధర అడగండి. యాప్‌లో పదార్థం ధరే చాలాసార్లు ఎక్కువ ఉంటుంది, దాని మీద ప్యాకింగ్, ప్లాట్‌ఫామ్ ఫీజు, డెలివరీ. ‘వంద రూపాయలు తగ్గింపు’ కోసం ఇంకో వంద రూపాయల వస్తువు కలిపితే మిగిలిందేమీ లేదు.

8. చేప, మాంసం ఎప్పుడు తినాలి

ఒడిశాలో చాలా ఇళ్లలో సోమవారం, గురువారం మాంసం తినరు. కార్తీకమాసమంతా ముట్టనివాళ్లు చాలామంది. కార్తీక పౌర్ణమి మర్నాడు ఛాడఖాయి. నెల్లాళ్ల ఉపవాసం అందరూ ఒకేసారి విడుస్తారు. ఆ రోజు మాంసం, చేపల ధరలు చూస్తే మనకి మళ్లీ ఉపవాసం చేయాలనిపిస్తుంది. ఆ ఒక్క రోజూ పప్పన్నం తినండి.

చేప మీల్ (మాఛ భాత) మాంసం మీల్ కంటే చాలా తక్కువ ధరలో దొరుకుతుంది. గిరాకీ బాగా ఉండే రోజు, గిరాకీ బాగా ఉండే హోటల్‌లోనే తినండి. సోమవారం, గురువారం చవగ్గా ఇస్తున్నారని మాంసం తినకండి, అది ఎప్పటిదో తెలీదు.

9. బిల్లు చదవడం

చిన్న మీల్ హోటళ్లలో బిల్లే ఉండదు, నోటిలెక్క. కాస్త పెద్ద రెస్టారెంట్‌లో అయితే ఇవి చూడండి:

- మామూలు రెస్టారెంట్లలో జీఎస్టీ 5 శాతం. బిల్లులో రెండున్నర, రెండున్నరగా రెండు వరసల్లో కనబడుతుంది.
- బిల్లు మీద కాంపోజిషన్ డీలర్ (చిన్న వ్యాపారులకి ఉండే పన్ను పద్ధతిలో ఉన్నవాళ్లు) అని ఉంటే మీ దగ్గర విడిగా పన్ను వసూలు చేయకూడదు.
- సర్వీస్ ఛార్జి కట్టి తీరాలన్న నియమం లేదు. దాన్ని బిల్లులో తమంతట తాము కలపకూడదని 2022 జులైలో కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ మార్గదర్శకాలిచ్చింది, 2025 మార్చిలో ఢిల్లీ హైకోర్టు వాటిని సమర్థించింది. మర్యాదగా తీసేయమనండి. తీయకపోతే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915.
- రెస్టారెంట్‌లో కూర్చుని నీళ్ల సీసా తీసుకుంటే ఎమ్మార్పీ కంటే ఎక్కువ వేయొచ్చు, సుప్రీంకోర్టు 2017లో ఒప్పుకుంది. వాదన పెట్టుకోకుండా మీ సీసాలో నీళ్లు తాగండి.

10. ఆసుపత్రి దగ్గర రోజులు గడపాల్సి వస్తే

రోగితో ఉన్నవాళ్లు తిండి మీద పెట్టే ఖర్చులో సగం టెన్షన్ వల్లే. డాక్టరు ఎప్పుడొస్తాడో తెలీదని గేటు దగ్గరే టీ మీద టీ తాగుతూ బిస్కెట్లతో గడుపుతారు. ఇద్దరు ఉంటే పూటలు పంచుకోండి. ఒకరు పదకొండుకి తిని రావాలి, రెండోవారు వాళ్లు వచ్చాక. వెళ్లినవాళ్లు డబ్బాలో పార్శిల్ తేవొచ్చు. మీ డబ్బా ఇస్తే కొన్ని హోటళ్లు పార్శిల్ డబ్బులు వేయవు.

రోగికి బయటి తిండి పెట్టే ముందు డాక్టర్నో నర్సునో అడగండి. కారం, నూనె తక్కువ కావాలంటే సంతులా అడగొచ్చు. కూరగాయలు ఉడకబెట్టి పల్చగా చేసేది.

పనిలో పనిగా పూరీ వెళ్లి దర్శనం చేసుకు వద్దామనుకునేవాళ్లకి ఒక మాట. ఆ ఊళ్లో 2021 నుంచి కుళాయి నీళ్లు నేరుగా తాగేలా సరఫరా చేస్తున్నారు. సీసా నింపుకోండి, కొనకండి.

11. నెలల తరబడి ఉండే పిల్లలకి మెస్

నెల మెస్ కట్టే ముందు మూడు రోజులు డబ్బిచ్చి విడిగా తినండి. అందులో ఒకటి ఆదివారం, ఒకటి మామూలు రోజు రాత్రి అయి ఉండాలి. ఆదివారం మధ్యాహ్నం ప్రతి మెస్సూ బాగానే ఉంటుంది. మంగళవారం రాత్రి పప్పు ఎంత పల్చగా ఉందో చూస్తే మెస్ సంగతి తెలుస్తుంది.

అడగాల్సినవి:

- ఊరెళ్లిన రోజులకి డబ్బు తగ్గిస్తారా? ఎన్ని రోజుల ముందు చెప్పాలి?
- దసరా సెలవులకి మెస్ మూసేస్తే ఆ రోజుల లెక్క ఏంటి?
- అడ్వాన్సు ఎంత, వెనక్కి ఎప్పుడిస్తారు? కాగితం మీద రాసిస్తారా?
- రోజుకి రెండు పూటలే కట్టుకోవచ్చా?

చివరి ప్రశ్నకి అవునంటే మధ్యాహ్నం, రాత్రి కట్టుకోండి. పొద్దున్న టిఫిన్ బయట చవగ్గానే దొరుకుతుంది, పైగా లేటుగా లేచేవాడు మెస్ టిఫిన్ నెలకి పది రోజులైనా పోగొట్టుకుంటాడు.

12. తరచూ జరిగే తప్పులు, సర్దుకునే మార్గాలు

మధ్యాహ్నం మూడింటికి హోటల్‌కి వెళ్లడం. కూర అయిపోయి ఉంటుంది, ధర అదే. పన్నెండున్నరకి వెళ్లండి. ఆలస్యమైతే మీల్ వదిలేసి టిఫిన్ తినండి.

నలుగురు వెళ్లి నలుగురూ ఫుల్ మీల్ చెప్పడం. చిన్నపిల్లలకి, పెద్దవాళ్లకి సాదా భాత-డాలి విడిగా అడగండి. పిల్లలు వదిలేసిన అన్నానికి కూడా మనమే డబ్బు కడుతున్నాం.

మొదటి రోజే నచ్చిన హోటల్‌కి అతుక్కుపోవడం. నాలుగు చోట్ల తిని చూసి, రెండు ఎంచుకోండి. ఆ రెండింటికే వెళ్తుంటే ఐదో రోజు నుంచి ముఖం గుర్తుపట్టి పప్పు ఇంకో గరిటె వాళ్లే వేస్తారు.

కడుపు తేడా చేసినా బయటే తినడం. ఆ రోజు అటుకులు, పెరుగు, ఓఆర్‌ఎస్ నీళ్లు. మర్నాటికి తగ్గకపోతే డాక్టరు.

విశాఖ వెళ్లేవాళ్లు కూడా ఇవే లెక్కలు వాడుకోవచ్చు. అక్కడ అన్న క్యాంటీన్లలో పొద్దున్న, మధ్యాహ్నం, రాత్రి మూడు పూటలా పూటకి 5 రూపాయలే. ఆదివారం సెలవు, ఆ రోజుకి వేరే ఏర్పాటు చూసుకోండి. ఇది తెలియక పర్లాకిమిడి వాళ్లొకరు ఆదివారం మూసిన షట్టర్ ముందు నిలబడి నాకు ఫోన్ చేశారు.

13. తిరుగు ప్రయాణం రోజు

- గది ఖాళీ చేసే ముందు మిగిలిన అటుకులు తినేయండి.
- మధ్యాహ్నం మీ అలవాటు హోటల్లోనే తిని, రాత్రికి రొట్టెలు అక్కడే పార్శిల్ కట్టించుకోండి. స్టేషన్ దగ్గర వెతకొద్దు.
- నీళ్ల సీసా గదిలోనే నింపుకోండి.
- మిఠాయి కొనాలంటే తూకం ముందు ధర అడగండి, డబ్బా బరువు తీసేసి తూచమనండి.
- ఊరగాయ సీసా ఖాళీ అయితే పారేయకుండా కడిగి సంచిలో వేసుకోండి. అలా ఐదారు ప్రయాణాలు చేసిన హార్లిక్స్ సీసా ఒకటి మా ఇంట్లో ఉంది, మూత కొంచెం వదులైంది గానీ రబ్బరు బ్యాండుతో నడుస్తోంది.